సుద్దముక్కతో ఇంటూ

జూన్ 3

గువ్వకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్ వద్దు, కాగితం రాయి అని చెప్పగా చెప్పగా ఇప్పటికి తలకెక్కింది నీకు. ఫోన్లో నువ్వు మాట్లాడితే చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది. నేను అరుస్తా, నువ్వు అరుస్తావు, ఆఖరికి మీ నానమ్మ వచ్చి ఇద్దర్నీ కలిపి తిడుతుంది. కాగితమైతే కూడబలుక్కుని నిదానంగా చదువుకుంటా. "నీకోసం పెద్ద అక్షరాలతో రాస్తున్నా తాతయ్యా" అని మొదలుపెట్టావు. రాస్తే రాయి. చెప్పడం దేనికి? నా చదువెంతో నాకు తెలుసు, ఊరంతా తెలుసు.

సంగతికొస్తా. మీ మేడమ్ పిల్లలందర్నీ తలో దుకాణం పట్టుకోమంది. ఆ దుకాణానికి ఫోన్లో కనబడే పేజీ తయారుచేయాలి. రంగులేవి, అక్షరాలెంత, బొమ్మెక్కడ, ఖాళీ ఎంత, ఇదీ మీ చదువు. దుకాణం ఎవరిదో వాళ్ళు చూసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే మార్కుల్లేవు. నాకు అర్థమైంది ఇంతే. తప్పయితే చెప్పు, లేకపోతే ఊరుకో.

ఇదంతా చదివి వినిపిస్తే మీ నానమ్మ, "రంగులేయడానికి హాస్టల్లో పెట్టి చదివించాలా, మన గోడకి సున్నం వేయమంటే వేసేది కదా" అంది. నేను అనాలనుకున్నది ఆవిడే అనేసింది.

సరే, నా దుకాణమే పెట్టుకో. ఇంకొకళ్ళ దుకాణం పట్టుకున్నావని తెలిస్తే మాత్రం నీకూ నాకూ చెల్లు. కుర్చీలు బాగుచేసే దుకాణం ఈ చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలింది. నా బోర్డు ఎరుపు, దాని మీద అక్షరాలు పసుపు. పేజీ కూడా అలాగే ఉండాలి. అక్షరాలన్నీ పెద్దవి. కాలు విరిగిందీ, వీపు ఊడిందీ, పేము తెగిందీ, ఏ కుర్చీనైనా బాగుచేస్తానని ఒక్కోదానికీ ఒక్కో బొమ్మ పెట్టు. ఖాళీ జాగా కనబడిందా, సంతకం పెట్టను. ఖాళీగా ఉంటే పనిలేని దుకాణం అనుకుంటారు.

మీ తాత

జూన్ 11

తాతయ్యా,

ఒప్పుకున్నావని ఎగిరి గంతేశా. షరతులు చదివి అదే చోట కూలబడ్డా.

ఎరుపు మీద పసుపు వీధి చివర నుంచి చూసే బోర్డుకి సరిపోతుంది. అరచేతిలో తెర మీద అదే పెడితే కళ్ళు మండుతాయి. ఎరుపు ఒక్కచోట ఉంచుతా, జనం వేలు పెట్టి నొక్కాల్సిన చోట. మిగతాది తెలుపు, ముదురు గోధుమరంగు. అక్షరాలన్నీ పెద్దవైతే ఏదీ పెద్దది కాదు. మేడమ్ రోజూ అనే మాట ఇది: అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినబడదు. మన ఇంట్లో భోజనాల దగ్గర జరిగేది అదే కదా.

ఇక ఖాళీ. ఖాళీ అంటే పనిలేకపోవడం కాదు తాతయ్యా, చూపు ఆగే చోటు. నీ దుకాణంలో కుర్చీ మీద కుర్చీ, దాని మీద జిగురు డబ్బా, ఆ డబ్బా మీద పాత పేపర్లు. వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు చెప్పు?

నీ దగ్గర్నుంచి నాకు కావాల్సింది ఒక్కటే. పేజీ తెరవగానే అన్నిటికన్నా ముందు ఏం కనబడాలి? ఒక్కటే చెప్పాలి. రెండు చెప్పావంటే నేను ఏడుస్తా.

నీ గువ్వ

జూన్ 19

గువ్వకి,

ఎక్కడ కూర్చుంటారు అని అడిగావు. డబ్బా దించి కూర్చుంటారు. నువ్వు పుట్టకముందు నుంచీ అలాగే కూర్చుంటున్నారు. నిలబడి నిలబడి ప్రాణం పోయినవాడు ఇంతవరకూ లేడు.

మీ మేడమ్‌కి దుకాణం ఉందా? లేదు కదా. పెళ్ళికానివాడు కాపురం గురించి చెప్పినట్టుంది. అయినా ఆవిడ చేతిలో నీ మార్కులున్నాయి కాబట్టి ఎరుపు కొంచెం తగ్గించుకో. కొంచెమే.

ముందు ఏం కనబడాలి అంటే, నేను. ఇందులో ఆలోచించేదేముంది? వచ్చినవాళ్ళు "కుర్చీల తాత ఉన్నాడా" అని అడుగుతారు. ఉంటే కుర్చీ దించుతారు, లేకపోతే మళ్ళీ మోసుకుపోతారు. కాబట్టి నా ఫోటో పెద్దదిగా పైన పెట్టు. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో తీసినవి, వాటిల్లో నేను వేరేవాళ్ళ భుజాల వెనకే ఉంటా. అందుకని మీ నానమ్మ చొక్కా ఇస్త్రీ చేసిచ్చి స్టూడియోకి తోలింది. ఆ ఫోటోలు తీసేవాడు "నవ్వండి, నవ్వండి" అని ప్రాణం తీశాడు. నవ్వడానికి నేనేమన్నా పళ్ళపొడి అమ్ముతున్నానా? నవ్వలేదు. బాగానే వచ్చింది. మీ నాన్న రోజూ పోస్టాఫీసు ముందు నుంచే పోతాడు కదా, పంపమని వాడి చేతికిచ్చా.

మీ నాన్న ఈ మధ్య ప్లాస్టిక్ స్టూళ్ళ పిచ్చిలో ఉన్నాడు. ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయట, జాగా కలిసొస్తుందట. దుకాణంలో అవి పెట్టి అమ్మితే ఎలా ఉంటుంది అని నన్నే అడిగాడు. ఎలా ఉంటుందో నేను చెప్పా. మీ నానమ్మ చెవులు మూసుకుంది.

ఇంకో వింత విను. పక్క మందుల షాపాయన కూడా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటున్నాడు. నేను బాగుచేసిచ్చిన కుర్చీ ఏదయ్యా అంటే, లోపలుంది, వేరే పనికి వాడుతున్నాం అని నీళ్ళు నమిలాడు. కుర్చీకి కూర్చోవడం కాక వేరే పనేంటి? లోకం చెడింది.

మీ తాత

జూలై 1

తాతయ్యా,

మేడమ్ ఈ వారంలోనే అడిగింది, ఊపిరి సలపట్లేదు. పేజీ మొదటి బొమ్మ దీంతో పంపుతున్నా. కాగితం అడుగున గీత ఉంది, దాని మీద సంతకం పెట్టి వెంటనే పోస్టు చెయ్యి. రంగులు లేవేంటి అని అడగకు, ఇది వట్టి ఎముకల గూడు. మిగతా కబుర్లు మళ్ళీ రాస్తా.

నీ గువ్వ

జూలై 8

గువ్వకి,

నీ బొమ్మ అందింది.

పైన పెద్ద డబ్బా. ఆ డబ్బాలో ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి పెద్ద ఇంటూ. దాని కింద "తాతయ్య" అని నీ చేత్తోనే రాశావు. కింద వరసగా ఇంకొన్ని డబ్బాలు, వాటి కింద "కుర్చీ" "కుర్చీ" "కుర్చీ". అన్నిటి మీదా ఇంటూలే. మాటలుండాల్సిన చోట వానపాము పాకినట్టు వంకర గీతలు. నా గురించి రాయడానికి నీకు మాటలు కూడా దొరకలేదు.

నువ్వు ఈ దుకాణంలో నేల మీద పాకినదానివి. సుద్దముక్క నోట్లో పెట్టుకుంటే నేనే తీసేవాణ్ణి. నేను కుర్చీ మీద ఇంటూ ఎప్పుడు గీస్తానో నీకు తెలియదా? చెదలు తినేసి, ఇక అతుక్కి ఆగదు అని తేలాక గీస్తా. గీశాక ఆ కుర్చీ వంక మళ్ళీ చూడను. మీ నానమ్మ వచ్చి పొయ్యిలోకి తీసుకుపోతుంది. ఇది నీకు తెలుసు. నీ బొమ్మలపీట విరిగినప్పుడు నేను సుద్దముక్క తీస్తే, ఇంటూ వద్దు తాతయ్యా అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది నువ్వే.

ఇప్పుడు నా మీద గీసి సంతకం పెట్టమంటున్నావు. పైగా "వెంటనే"! ఎముకల గూడట. పోయినవాడికి కాక ఎవరికుంటుంది ఎముకల గూడు?

ఇది నీ బుద్ధి కాదు, నాకు తెలుసు. మీ నాన్నా నువ్వూ ఫోన్లో మాట్లాడుకుంటారు. నాకు వినబడదు కాబట్టి నా ముందే మాట్లాడుకుంటారు. దుకాణంలోంచి ముసలాణ్ణి లేపేసి స్టూళ్ళు పెట్టాలని అనుకుంటే నా ముఖాన చెప్పండి. బొమ్మలు గీసి చెప్పడం దేనికి?

సంతకం కాదు కదా, వేలిముద్ర కూడా వెయ్యను.

కుర్చీల తాత

జూలై 14

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి గోడకి తల కొట్టుకోవాలనిపించింది. నా తలే, నీది కాదు.

ఆ ఇంటూ అంటే "ఇక్కడ బొమ్మ వస్తుంది" అని. అంతే. ఈ చదువులో అందరూ అలాగే గీస్తారు. డబ్బా గీసి ఇంటూ పెడితే ఆ చోటు బొమ్మ కోసం ఆపి ఉంచామని. వంకర గీతలంటే "ఇక్కడ మాటలొస్తాయి" అని. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ అమ్మ బేకరీ మీద ఇంతకన్నా పెద్ద ఇంటూ పెట్టింది, వాళ్ళమ్మ నవ్వుతూ సంతకం పెట్టింది. ఎముకల గూడు అంటే రంగూ రూపూ రాకముందు సంగతి. దాన్ని కూడా శవం చేసేశావు.

కానీ సుద్దముక్క సంగతి నాకు గుర్తుకు రాకపోవడం తప్పే. గీస్తున్నప్పుడు ఒక్కసారైనా గుర్తుకు రావాలి. రాలేదు.

ఇంకో మాట. ఇది నీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా. నీ ఫోటో నాకు అందలేదు. అందివుంటే ఇంటూ బదులు నువ్వే ఉండేవాడివి. నాన్నని అడిగితే, "ఫోటో ఎందుకమ్మా, కుర్చీలు చాలు. ఈ వానలు తగ్గాక దుకాణం ఎలాగూ మారుతుంది. తాతయ్య ముఖం దాని మీద పెట్టకు" అన్నాడు. నేను ఆయనతో కలిసి ఏమీ అనుకోలేదు తాతయ్యా. ఇది నాకు ఇప్పుడే తెలిసింది. ఆయన్నే అడుగు. కేకలేయకుండా అడుగు, నీకు చేతనైతే.

నీ గువ్వ

జూలై 21

గువ్వకి,

చేతనైంది. కేకలేయలేదు. ఇంటూకి నేను చెప్పిన అర్థం తప్పయితే అయింది, సంగతి మాత్రం నిజమే కదా. అది ముందు ఒప్పుకో.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అడిగా.

"నా ఫోటో ఏదిరా?"

"ఏ ఫోటో నాన్నా?"

"నేను నవ్వనిది."

"నువ్వు నవ్వింది ఒకటుంటే కదా, ఏదని చెప్తాడు వాడు" అంది మీ నానమ్మ.

మీ నాన్న మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. "పంపలేదు. ఆ పేజీ చూసి జనం నిన్ను వెతుక్కుంటూ వస్తారు."

"రావాలనే కదరా."

"వస్తారు. కుర్చీ నీకిస్తారు. నువ్వు సుత్తి పట్టుకుంటావు."

"పట్టుకుంటే?"

వాడు మీ నానమ్మ వంక చూశాడు. ఆవిడ కంచం వంక చూసింది. ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలిసిన సంగతి ఏదో ఉందని అప్పుడు అర్థమైంది.

చివరికి మీ నాన్నే చెప్పాడు. మందుల షాపాయన పడ్డాడట. నేను బాగుచేసిచ్చిన కుర్చీలోంచే. వెనక కాలు ఊడిపోయింది. నడుం పట్టేసి కొన్నాళ్ళు మంచం మీదే ఉన్నాడట. అప్పుడు జ్వరమని నాతో చెప్పారు. నేను వెళ్ళి, జ్వరం వస్తే మందులు నీ దగ్గరే ఉన్నాయి కదయ్యా అని హాస్యమాడి వచ్చా కూడా. "తాతకి మాత్రం చెప్పకు, బాధపడతాడు" అని ఆయనే మీ నాన్న చేతులు పట్టుకున్నాడట. మీ నాన్న పోయి ఆ స్టూలు కొనిచ్చాడు.

చెయ్యి కూడా కడుక్కోకుండా షాపుకి వెళ్ళా. మందుల అట్టపెట్టెల వెనక ఉంది కుర్చీ. తిరగేసి చూశా. మేకు వంకరగా దిగింది, చెక్క చీలింది. అది నా చేతి మేకే. ఇంకొకడు కొట్టిందయితే వాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టేవాణ్ణి. ఆయన పాపం, "పాత చెక్క తాతా, చెక్కదే తప్పు" అంటాడు. చెక్క నోరు లేనిది కదా, ఎవరైనా అంటారు.

కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియట్లేదు. మీ నాన్న మీద పెట్టుకుందామంటే వాడు నా పరువు కాపాడాడు. మందుల షాపాయన నడుం ఇంకా పట్టేసే ఉంది. మీ నానమ్మ మీద పెట్టుకుంటే తిండి ఉండదు. అందుకని నీ మీద పెట్టుకుంటున్నా. దూరంగా ఉన్నావు, నీకు దెబ్బ తగలదు.

సంతకం సంగతి నన్ను అడక్కు. దుకాణం నాదో కాదో తేలాక చూద్దాం.

మీ తాత

జూలై 27

తాతయ్యా,

నా మీద పెట్టుకో. నాకూ అందులో వాటా ఉంది. నీ ఉత్తరాల్లో అక్షరాలు పోయిన ఏడాది నుంచే వణుకుతున్నాయి. లైన్లు కిందికి జారుతున్నాయి. రోజంతా అక్షరాల వంకరలు చూడటమే నా చదువు, నీవి చూసి కూడా అడగలేదు. అడిగితే ఉత్తరాలు మానేస్తావని భయం.

నిన్న నాన్న ఫోన్ చేశాడు. నాకు సంతకం రాని సంగతి నానమ్మ చెప్పిందట. "స్టూళ్ళ దుకాణం అని పేజీ చెయ్యి, నేను ఈరోజే సంతకం పెట్టి పంపుతా" అన్నాడు. మంచికే అన్నాడు, అది నాకు తెలుసు. మేడమ్ కూడా దుకాణం మార్చుకోమంటోంది. పదో తారీఖులోపు సంతకం రాకపోతే ఈ సబ్జెక్టు పోయినట్టే.

మార్చనని ఇద్దరికీ చెప్పేశా. పోతే పోతుంది, మళ్ళీ చదువుతా. మళ్ళీ నీ దుకాణమే తెస్తా, మళ్ళీ ఎముకల గూడు పంపుతా, మళ్ళీ సంతకం అడుగుతా. ఏడాదంతా ఇదే ఉత్తరాలు. ఆలోచించుకో.

ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నా. ముందు ఏం కనబడాలి?

నీ గువ్వ

ఆగస్టు 4

గువ్వకి,

ఏడాదంతా ఉత్తరాలా? నాకు వేరే పనిలేదా? బెదిరించడం మీ నానమ్మ దగ్గర నేర్చుకున్నావు. చదువు కన్నా అదే బాగా వచ్చింది నీకు.

జరిగింది రాస్తా, ఓపిగ్గా చదువు. ఈసారి అక్షరాల వంకరలు చూడకు, మాటలు చూడు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ నాన్న స్టూళ్ళు దింపించాడు. నన్నడక్కుండానే. నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఒకదాంట్లో ఒకటి దూర్చి గుమ్మం పక్కన నా నెత్తి ఎత్తున దొంతరలుగా నిలబెట్టాడు. వాడు బండివాడితో మాట్లాడుతుండగా నేను సుద్దముక్క తీసి, దొంతరల పైనున్న స్టూళ్ళన్నిటి మీదా ఇంటూలు గీశా. ప్లాస్టిక్ మీద సుద్ద పట్టి చావదు, ఉమ్మి తడిపి మరీ గీశా.

వాడు వచ్చి చూశాడు. ముఖం కందగడ్డలా అయింది. "ఏంటిది నాన్నా?"

"కంగారుపడకు. ఇక్కడ బొమ్మ వస్తుందని. నీ కూతురు చదువు అదే."

వాడు అక్కడే ఒక స్టూలు లాక్కుని కూలబడి నవ్వాడు. వాడు అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. బండివాడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేను నవ్వలేదు. లేచాక మీ నాన్న ప్యాంటు వెనక ఇంటూ పడింది. అప్పుడు నవ్వా.

తర్వాత ఇద్దరం మాట్లాడుకున్నాం. అరుపుల్లేవు, ఉన్నా తక్కువే. సుత్తి వాడికిచ్చేశా. చిన్నప్పుడు నేనే నేర్పా, మర్చిపోయుంటాడనుకున్నా. మేకు కొట్టి చూపించరా అంటే కొట్టాడు. అందంగా కొట్టలేదు గానీ నేరుగా కొట్టాడు. పేము నా దగ్గరే ఉంటుంది. పేముకి దెబ్బ అక్కర్లేదు, లాగి బిగిస్తే చాలు, వణికినా లాగొచ్చు. గుమ్మం వైపు వాడి స్టూళ్ళు, కిటికీ వైపు నా అల్లిక. ఆ రంగులు నాకు ఇప్పటికీ గిట్టవు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటా.

మందుల షాపాయన కుర్చీ తెప్పించా. మీ నాన్న బాగుచేస్తానన్నాడు, వద్దన్నా. చెక్క చీలింది, ఇక అతుక్కి ఆగదు. ఇంటూ నేనే గీశా. ఇది మాత్రం నీ చదువు అర్థం కాదు, నా అర్థమే. మీ నానమ్మ దాంతోనే నీళ్ళు కాచింది. ఆయనకి ఒక పేము కుర్చీ అల్లుతున్నా. చట్రానికి మేకులన్నీ మీ నాన్నే కొట్టాడు. ఆయన భయపడకుండా ఆ సంగతి ముందే చెప్పా.

సంతకం పెట్టి కాగితం దీంట్లో పెట్టా. వణికింది, అయినా నాదే అని తెలుస్తుంది. మీ నాన్న దగ్గర్నుంచి తిరిగి తీసుకుని ఫోటో కూడా పెట్టా. ఈసారి పోస్టు డబ్బాలో నేనే వేస్తా, మీ నాన్న చేతికివ్వను.

నీ ప్రశ్నకి జవాబు మారలేదు. ముందు నేనే. పైన, పెద్ద డబ్బాలో. ఎరుపు నీ ఇష్టం వచ్చినచోట పెట్టుకో, విసిగిపోయా. అయితే ఒక మాట. నన్ను డబ్బా నడిమధ్యన పెట్టకు. ఒక పక్కకి జరిపి, రెండో పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులు. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు మీ నాన్నని అక్కడ నిలబెట్టి ఫోటో తియ్యి. నేను అడగను, నువ్వే అడుగు.

నిలబడనంటే ఆ చోటు అలాగే ఉండనీ. కుర్చీ బొమ్మ పెట్టి నింపకు.

మీ తాత